ఆశ ఉందా అని అడక్కుండా చేసే పని

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు తీసేశాం. మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు.

వాతావరణ మార్పు మీద ఏ సభ పెట్టినా చివర్లో ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. "ఇంతకీ ఆశ ఉందా, లేదా?" ఉందంటే ఇంటికెళ్లి నిశ్చింతగా పడుకోవచ్చు. లేదన్నా ఇంటికెళ్లి పడుకోవచ్చు, చేసి ఏం లాభం కనక! రెండు జవాబులూ తీసుకెళ్లేది మంచం దగ్గరికే. మరి అలాంటి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ కూర్చోవడం దేనికి?

అందుకని ముందే చెప్పేస్తున్నాను, ఈరోజు ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు దొరకదు. ఆశ ఉన్న రోజునా, లేని రోజునా ఒకేలా సాగే పని ఎలా ఉంటుంది? దాన్ని ఎలా అమర్చుకోవాలి? ఎక్కడెక్కడ చెడిపోతుంది? ఇదీ ఇవాళ మాట్లాడుకునేది. ధైర్యం అంటే ఛాతీ విరుచుకుని నిలబడటం అనుకునేవాళ్లు కొంచెం నిరాశపడతారేమో. ఇక్కడ ధైర్యం ఎక్కువగా కాగితాల్లోనూ, ఫోన్ నంబర్లలోనూ, పక్కింటి తలుపు తట్టడంలోనూ కనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. లెక్క తెలియకుండా చూపించే ధైర్యం ఎక్కువ రోజులు నిలవదు.

హవాయిలో మౌనా లోవా అనే కొండ మీద 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ గాలిలో కార్బన్ డయాక్సైడు కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు పది లక్షల వంతుల్లో సుమారు 315 వంతులు. ఫ్యాక్టరీల యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేది. ఇప్పుడు 420 దాటింది. 2024 ఏడాది సగటు ఉష్ణోగ్రత, ఆ పాత కాలంతో పోలిస్తే 1.5 డిగ్రీలకి పైగా నమోదైంది. క్యాలెండర్ ఏడాది మొత్తానికి ఆ గీత దాటడం అదే మొదటిసారి. 2015 పారిస్ ఒప్పందంలో, దాటకుండా ఆపడానికి ప్రయత్నిద్దామని దేశాలు రాసుకున్న 1.5 అనేది ఒక్క ఏడాదికి సంబంధించింది కాదు, దీర్ఘకాలపు సగటుకి సంబంధించింది. కాబట్టి సాంకేతికంగా ఆ గీత ఇంకా దాటలేదు. కానీ ఇక్కడ మనల్ని మనం మభ్యపెట్టుకోవద్దు. దాటబోతున్నాం.

ఇక్కడే చాలామంది గుండె జారిపోతుంది. "1.5 పోయింది, ఇంకేముంది" అంటారు. అసలు ఆ గీతని ఏమనుకుంటున్నారు? అవతల అగాధం, ఇవతల నేల అనుకుంటున్నారా? నిజంగా అలా ఉంటే నేనూ ఇవాళ ఇక్కడికి వచ్చేవాణ్ని కాను.

ఐపీసీసీ అని, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఉంది. దాని నివేదికలో ఒక పట్టిక ఉంది, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఫ్యాక్టరీలు రాకముందు 50 ఏళ్లకోసారి వచ్చేంత తీవ్రమైన వేడి తీసుకోండి. భూమి 1 డిగ్రీ వేడెక్కితే అదే వేడి 50 ఏళ్లలో దాదాపు 5 సార్లు వస్తుంది. 1.5 దగ్గర సుమారు 9 సార్లు. 2 దగ్గర 14. 4 డిగ్రీలైతే 39. చూశారా? 5, 9, 14, 39. ఇందులో "ఇక్కడితో అంతా ముగిసింది" అని చెప్పగల గడి ఏది? ఏదీ లేదు. 1.5 కంటే 1.6 చెడ్డది. 2.3 కంటే 2.4 చెడ్డది. 1.5 తప్పిపోయిందంటే, తర్వాత కాపాడుకోవాల్సింది 1.6.

మరి ఆ పదో వంతు డిగ్రీ బరువెంత? దీనికీ లెక్క ఉంది. లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడుకి సుమారు 0.45 డిగ్రీ. అంటే 0.1 డిగ్రీకి 22,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏటా వదులుతున్నది 4,000 కోట్ల టన్నుల పైచిలుకు. భాగించండి. ఐదున్నరేళ్లు కూడా రావు. ఇప్పుడున్న వేగానికి ఐదేళ్లకో పదో వంతు. భయపెట్టే లెక్కే ఇది, కాదనను. కానీ దీన్ని తిరగేసి కూడా చదవాలి. పారిస్ ఒప్పందానికి ముందు నడుస్తున్న విధానాలు ఈ శతాబ్దం చివరికి 4 డిగ్రీల దరిదాపులకి తీసుకెళ్తాయని అంచనాలుండేవి. ఇప్పుడు అవే అంచనాలు 3కి అటూఇటూగా ఉన్నాయి. 3 డిగ్రీలు మంచి లోకం కాదు. అయినా పట్టికలో ఆ తేడా ఎంతో ఇందాకే చూశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు కదా, ఇక్కడ కాలింది వేళ్లు. చెయ్యి ఇంకా మంట మీదే ఉంది.

సరే, ఇప్పుడు చేదు భాగం. కొన్ని తిరిగి రావు. అది దాచిపెట్టి ధైర్యం చెప్పడం మోసం.

మనం కార్బన్ డయాక్సైడు వదలడం నికరంగా సున్నాకి తెస్తే, అంటే వదిలినంతా తిరిగి గాలిలోంచి తీసేస్తే, వేడెక్కడం దాదాపుగా ఆగుతుంది. ఆగుతుందంతే, తగ్గదు. పెరిగిన వేడి శతాబ్దాల పాటు అలాగే ఉంటుంది. సముద్ర మట్టం ఆ తర్వాత కూడా వందల ఏళ్లు పెరుగుతూనే ఉంటుంది, లోతు నీళ్లూ మంచు పలకలూ నెమ్మదిగా స్పందిస్తాయి కనక. వేడినీటి సముద్రాల పగడపు దిబ్బలు 1.5 దగ్గర 70 నుంచి 90 శాతం పోతాయనీ, 2 దగ్గర 99 శాతం పైగా పోతాయనీ ఐపీసీసీ 2018లోనే చెప్పింది. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం ఉండేది. కదిలేంత మందం లేక 2014లో ఇక అది హిమానీనదం కాదన్నారు. 2019లో అక్కడ ఒక ఫలకం పెట్టారు. హిమానీనదానికి సమాధి ఫలకం! "అన్నీ సర్దుకుంటాయి" అనే మాట ఆ ఫలకం ముందు నిలబడి అనగలమా?

మరి ఆశతో నాకు పేచీ ఏమిటి? ఆశపడటం తప్పని అనడం లేదు. దాని మీద పని బరువంతా మోపడం తప్పంటున్నాను. ఆశ అనేది జరగబోయే దాని గురించిన అంచనాకి కట్టేసి ఉంటుంది. ఏదో సదస్సులో మంచి ఒప్పందం కుదిరితే లేస్తుంది. మర్నాడు ఇంకో అడవి తగలబడితే పడుతుంది. పని దానికి కట్టేస్తే పనీ లేచి పడుతుంది. ఉత్సాహంగా చేరి ఏడాది తిరక్కుండా మాయమయ్యేవాళ్లని చూస్తే, బద్ధకంతో మానేసినవాళ్లు తక్కువ. ఫలితం కనబడక మానేసినవాళ్లే ఎక్కువ.

కుర్రవాళ్ల సంగతి చూడండి. 2021లో 10 దేశాల్లో, 16 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లని 10,000 మందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువ దిగులుగా ఉందని 59 శాతం అన్నారు. మానవజాతి పని అయిపోయిందని 56 శాతం. ఆ దిగులు రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతం. వీళ్లకి మనం ఏం చెబుతున్నాం? "ఆశ వదులుకోకండి, మీరే మా ఆశ" అంటున్నాం. అంటే బరువు తీసి వాళ్ల నెత్తినే పెడుతున్నాం. వాళ్లు అడుగుతున్నది ఓదార్పు కాదు. పక్కన నిలబడి పనిచేసే పెద్దవాళ్లు.

ఇంకో సర్వే ఉంది, దీన్ని మాత్రం వదలొద్దు. 125 దేశాల్లో 1,30,000 మందిని అడిగితే, దీని కోసం తమ ఆదాయంలో నెలకి 1 శాతం ఇస్తామని 69 శాతం మంది చెప్పారు. "మీ దేశంలో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారు?" అంటే వాళ్లు చెప్పిన సగటు 43 శాతం. నేను సిద్ధమే గానీ మిగతావాళ్లు కాదు అని, చాలామంది! పక్క మనిషి కూడా సరిగ్గా ఇదే అనుకుంటున్నాడు. ఈ అంతరాన్ని పెంచి పోషిస్తున్నది మౌనం. నోరు విప్పడం దగ్గరే మొదటి ధైర్యం కావాలి, దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ధైర్యాన్ని ఒక వ్యవస్థగా అమర్చుకున్నవాళ్లు ఎవరని అడిగితే, ముందుగా బంగ్లాదేశ్ చెబుతాను.

1970 నవంబరులో భోలా తుపాను. మూడు నుంచి ఐదు లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం, రెడ్ క్రాస్ కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. ఊళ్లవాళ్లే కార్యకర్తలు. చేతిలో మెగాఫోను, సైరను, సంకేతాల జెండాలు. అయినా 1991లో ఇంకో తుపాను వచ్చి దాదాపు 1,40,000 మందిని తీసుకుపోయింది. హెచ్చరిక అందలేదా? చాలామందికి అందింది. అందినా కదల్లేదు. ఎందుకు కదల్లేదు? ఇల్లు వదిలితే దొంగలు పడతారు. పశువుల్ని ఎవరు చూస్తారు? ఆశ్రయ కేంద్రం దూరం, ఉన్నది ఇరుకు. ఆడవాళ్లు మగవాళ్ల మధ్య ఇరుక్కుని ఎలా ఉంటారు? భర్త వచ్చి చెప్పేదాకా ఎలా కదులుతారు? చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు చాలా ఎక్కువ.

ఆ కారణాలు ఒక్కొక్కటీ తీసుకుని సరిచేశారు. కేంద్రాలు పెంచారు. పశువులకి ఎత్తయిన మట్టిదిబ్బలు వేశారు. ఆడవాళ్లకి విడిగా గదులు పెట్టారు. ఆడ కార్యకర్తల్ని చేర్చుకుంటూ వచ్చారు, ఇవాళ ఉన్న డెబ్భై వేల పైచిలుకు కార్యకర్తల్లో సుమారు సగం మంది వాళ్లే. 2007లో సిద్ర్ తుపాను వచ్చినప్పుడు చనిపోయినవాళ్ల అధికారిక లెక్క 3,400 పైచిలుకు. అదీ చిన్న సంఖ్య కాదు, మూడు వేల ఇళ్లలో చావు. కానీ 1970 పక్కన పెట్టి చూడండి. సముద్రం మంచిదైపోలేదు, తుపాన్లు శాంతించలేదు. ఆ కార్యకర్తల్లో ఎవరైనా "భవిష్యత్తు మీద ఆశ ఉంటేనే మెగాఫోను పట్టుకుంటాను" అన్నారా?

తుపాను అందరికీ రాదు. వేడి మాత్రం వస్తుంది. అందుకని దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1995 జూలైలో షికాగోలో వేడిగాలులొచ్చి 700 మందికి పైగా చనిపోయారు. వేడి 13వ తేదీన శిఖరానికి చేరింది. చావులు 15న. రెండు రోజుల తేడా, గుర్తుంచుకోండి. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు, దొంగల భయంతో కిటికీలు బిగించుకున్నవాళ్లు, ఎవరూ పలకరించనివాళ్లు ఎక్కువగా పోయారు. ఒకే స్థాయి పేదరికం ఉన్న పేటల్లో కూడా, వీధి మనుషులతో కళకళలాడే చోట చావులు తక్కువ. 2003లో యూరప్‌లో 70,000 మందికి పైగా పోయారు, ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15,000. ఆ దెబ్బతో 2004లో ఫ్రాన్సు వేసవి ప్రణాళిక తెచ్చింది. ఒంటరి వృద్ధుల పేర్లు పురపాలక సంఘాల దగ్గర రాయించుకుంటారు, వేడి హెచ్చరిక రాగానే ఫోన్ చేస్తారు. 2006లో మళ్లీ వేడి వచ్చినప్పుడు, పాత అనుభవాన్ని బట్టి వేసిన అంచనా కంటే సుమారు 4,400 చావులు తక్కువ నమోదయ్యాయి.

మనం చేయగలిగింది ఇదే, చిన్నగా. పాతిక ఇళ్లకి ఒక జట్టు. అంతకు మించితే ఎవరూ ఎవర్నీ గుర్తుపెట్టుకోలేరు. ఒక్కో కార్యకర్తకి ఐదుగురికి మించి అప్పజెప్పొద్దు. ఎవర్ని రాసుకోవాలి? 65 దాటినవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు, గుండె, కిడ్నీ, షుగరు, మానసిక జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, ఎండలో పనిచేసేవాళ్లు, పైకప్పు కిందే ఉండే ఆఖరి అంతస్తువాళ్లు. కాగితంలో పేరు, ఫోను, ఏ అంతస్తు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఏ మందులు వాడుతున్నారు, దగ్గరి మనిషి నంబరు. మందులు ఎందుకంటే, ఒంట్లో నీరు తీసేసే మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని అలర్జీ మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని మీరు ఆపించకండి! వేసవికి ముందే డాక్టర్ని అడిగి రమ్మనండి, అంతే. ఆ కాగితం ఇద్దరి దగ్గరే ఉండాలి. గ్రూపుల్లో ఫొటో తీసి పెట్టకూడదు. ఒంటరి వృద్ధుల జాబితా చేతులు మారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఈ జాబితా చల్లటి నెలల్లో తయారవ్వాలి. వేడి మొదలయ్యాక కొత్త మనిషి వచ్చి తలుపు తడితే ఎవరూ తీయరు, షికాగోలో జరిగిందీ అదే. చల్లటి రోజున వెళ్లి పరిచయం చేసుకుంటే ఎండాకాలంలో తలుపు తెరుచుకుంటుంది.

ఎప్పుడు కదలాలన్నది ఆ రోజు చర్చించుకోకండి. ముందే రాసిపెట్టుకోండి. వాతావరణ శాఖ ఫలానా స్థాయి హెచ్చరిక ఇచ్చిన రోజు, లేదా రాత్రిపూట కూడా చల్లబడటం లేదని చెప్పిన రోజు, ఎవరూ ఎవర్నీ అడక్కుండా పని మొదలవ్వాలి. రాత్రి ఎందుకు ముఖ్యం? పగలంతా అలిసిన గుండె రాత్రి చల్లదనంలో కోలుకుంటుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే అలసట మీద అలసట పేరుకుంటుంది. చావులు రెండో రోజు, మూడో రోజు పెరిగేది అందుకే. మొదటి రోజు ఉత్సాహంగా తిరిగేసి మూడో రోజుకి చల్లబడిపోయే జట్టు వల్ల ఉపయోగం తక్కువ.

రోజుకి రెండుసార్లు వెళ్లాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గోడలూ కప్పూ పగలంతా వేడి పీల్చి సాయంత్రం లోపలికి వదులుతాయి, బయట తగ్గినా లోపల తగ్గదు. వెళ్లి ఏం అడగాలి? "బాగున్నారా" అని మాత్రం అడక్కండి. బాగున్నానంటారు. ప్రాణం మీదికొచ్చినా అదే అంటారు. రాత్రి నిద్ర పట్టిందా? పొద్దున్నించి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, రంగు ముదురుగా ఉందా? ఇవాళ ఏ వారం? ఈ చివరి ప్రశ్నకి తడబడితే, మాట ముద్దగా వస్తే, నడక తూలితే జాగ్రత్త. ఫోన్లో ఇవి సగం తెలియవు. రెండో రోజు నుంచి మనిషే వెళ్లాలి.

ఫ్యాన్ గురించి ఒక మాట. గదిలో గాలి 40 డిగ్రీలు దాటితే, పొడి ఒంటి మీద ఫ్యాన్ వేడిగాలినే కొడుతుంది, మేలు కంటే చెరుపు ఎక్కువ. ఒళ్లు తడిపి గాలి తగలనివ్వాలి. నీళ్లు ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతాయి. గాలిలో తేమ మరీ ఎక్కువుంటే అదీ సరిగ్గా జరగదు, అప్పుడు చల్లటి చోటికి తరలించడమే దారి. ఆ చోటు ఎక్కడో, తాళం ఎవరి దగ్గరో కూడా ముందే తెలిసి ఉండాలి.

వడదెబ్బ కొట్టిన మనిషి ఎలా ఉంటాడు? ఒంటి లోపలి వేడి 40 దాటి, మతి తప్పుతుంది. చెమట ఆగిపోతుందని నమ్ముకోకండి, చెమట పడుతూ కూడా వడదెబ్బ తగులుతుంది. అత్యవసర వాహనానికి ఒకరు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకి తేవాలి, బట్టలు వదులు చేయాలి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర మంచు ఉంటే మంచు. నీళ్ల తొట్టి ఉండి, మనిషి స్పృహలో ఉంటే మెడ దాకా చల్లటి నీళ్లలో కూర్చోబెట్టి, పట్టుకునే ఉండాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు. జ్వరం మాత్ర వేయొద్దు, ఇది జ్వరం కాదు, ఆ మాత్ర దీనికి పనిచేయదు. ఆస్పత్రికి తీసుకెళ్లాక చల్లబరుస్తారులే అని ఆగితే ఆ అరగంటలోనే నష్టం జరిగిపోతుంది.

ఇదంతా ధైర్యమా అని ఎవరో ముందు వరసలో అంటున్నారు. తెలియని తలుపు తట్టి, "మీ తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచండి" అని అడిగి చూడండి, అప్పుడు చెప్పండి. భయం కంటే మొహమాటం ఎక్కువమందిని ఆపుతుంది.

ఇది కాపాడుకోవడం. కారణాన్ని తగ్గించే పని వేరు, దానికి కావాల్సిన ధైర్యం వేరు. అక్కడ దెబ్బలు తగలవు గానీ చిన్నబుచ్చడం ఉంటుంది. ఒక విద్యుత్ కేంద్రం కడితే 40 ఏళ్లు నడుస్తుంది. భవనం 50 ఏళ్ల పైన నిలుస్తుంది. అంటే ఈ ఏడాది ఏదో కమిటీ గదిలో పెట్టే సంతకం 2060లో గాలిలోకి పోయే పొగని నిర్ణయిస్తుంది. ఆ గదిలో మీలో కొందరు కూర్చుంటారు. సొసైటీలో, స్కూలు కమిటీలో, ఆఫీసులో. అప్పుడు అడగాల్సినవి మూడే. ఇది ఎన్నేళ్లు ఉంటుంది? జీవితకాలం మొత్తంలో ఎంత ఇంధనం తాగుతుంది? మధ్యలో మార్చుకునే వీలుందా? జవాబు వచ్చినా రాకపోయినా, ప్రశ్న అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి.

ఒంటరిగా వెళ్లకండి. ఒకరు అడగాలి, రెండోవాళ్లు "నాకూ ఆ లెక్క కావాలి" అనాలి. ఆ ఒక్క మాటతో గదిలో గాలి మారుతుంది. చెడిపోయేది ఎక్కడంటే, టెండరు పిలిచాక వెళ్లడం. అప్పటికే అంతా ఖరారై ఉంటుంది, మీరు అడ్డుపుల్లగా కనిపిస్తారు. యంత్రం ఎలా ఉండాలో రాసుకునే దశలోనే వెళ్లాలి. సైన్సు మీద వాదనకి దిగడం రెండో తప్పు. గదిలో ఒక్కరు నమ్మకపోయినా గంట గడిచిపోతుంది. ఇంధనం లెక్కకి నమ్మకంతో పని లేదు.

భూమిని వేడెక్కించే ఇంకో వాయువు మీథేన్, దాని సంగతి క్లుప్తంగా. గాలిలో అది సుమారు 12 ఏళ్ల పాటే ఉంటుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే టన్నుకి టన్ను కార్బన్ డయాక్సైడు కంటే 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. గ్యాస్ గొట్టాల లీకులు, చెత్తదిబ్బలు, పశువులు, వరి మళ్లు దానికి మూలాలు. ఇవాళ తగ్గిస్తే ఫలితం మన జీవితకాలంలోనే కనబడుతుంది. ఫలితం చూడకుండా పనిచేయలేని స్వభావం ఉన్నవాళ్లు ఈ పని ఎంచుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు అందరూ తప్పించుకునే విషయం, వదిలి వెళ్లడం. అమెరికాలోని అలాస్కాలో న్యూటాక్ అని, యుపిక్ అనే ఆదివాసుల ఊరు ఉండేది. కింద గడ్డకట్టిన నేల కరుగుతోంది, పక్కన నది ఒడ్డు కోసుకుపోతోంది. 1990లలోనే ఊరు మారాలని వాళ్లకి వాళ్లే నిర్ణయించుకుని స్థలం చూసుకున్నారు. మెర్టార్విక్ అనే కొత్త ఊరికి మొదటి కుటుంబాలు చేరింది 2019లో. పాతికేళ్లు! ఎందుకంత ఆలస్యం? విపత్తు నిధులు ఒక్కసారిగా మీదపడే విపత్తుకి రాసినవి, ఏడాదికి కొంచెం చొప్పున ఊరిని మింగే నదికి కాదు. ఊరు మొత్తాన్ని మార్చే బాధ్యత ఫలానా శాఖదని ఎక్కడా లేదు. వెళ్లిపోయే ఊరు కదా అని పాత చోట మరమ్మతులకి డబ్బు రాలేదు, ఇంకా కట్టని ఊరు కదా అని కొత్త చోటుకీ రాలేదు.

ఇందులో నేర్చుకోవాల్సింది ఏమిటంటే, వెళ్లాలన్న నిర్ణయానికి ఒక గుర్తు ముందే పెట్టుకోవాలి. నీళ్లు ఫలానా గోడ దాకా వస్తే, బావి ఫలానా నెల ముందే ఉప్పైతే, ఒకే ఏడాదిలో మూడుసార్లు దారి మునిగితే అని. కళ్లారా చూసి ఒప్పుకోగలిగిన గుర్తు. అది లేకపోతే ప్రతి ఏడాదీ "ఇంకొక్క ఏడాది చూద్దాం" అవుతుంది. ఎవరు ముందు వెళ్తారు, భూమి హక్కులు ఏమవుతాయి, బడి ఎప్పుడు మారుతుంది, ఇవన్నీ గుర్తు రాకముందే రాసుకోవాలి. సగం మంది వెళ్లి సగం మంది మిగిలితే ఊరు రెండు చోట్లా ఊరు కాకుండా పోతుంది.

ఇక మనుషులు నిలబడటం. ఇదంతా చేసేవాళ్లకి దిగులు రాదా? వస్తుంది, రాకపోతేనే అనుమానించాలి. దానికి నెలకోసారి చిన్న కూటమి పెట్టుకోండి. ఆరుగురి నుంచి పది మంది, గంటన్నర. ఒక్కొక్కరూ నాలుగైదు నిమిషాలు మాట్లాడతారు, ఎవరూ అడ్డు రారు, ఎవరూ సలహా ఇవ్వరు. ఇద్దరు మనుషులు ఈ కూటమిని చెడగొడతారు, గమనించుకోండి. ఒకాయన మంచివాడు, "అబ్బే, అంత భయపడకండి" అంటాడు, దాంతో చెప్పేవాళ్లు నోరు మూసేసుకుంటారు. ఇంకొకాయన తాజా ఘోరాలన్నీ అంకెలతో సహా మోసుకొస్తాడు, దాంతో వినేవాళ్లు కుంగిపోతారు. నవ్వుతున్నారు, మీకు తెలిసినవాళ్లే అన్నమాట. చివరి ఇరవై నిమిషాలు పని మాట్లాడుకోవాలి, వచ్చే నెలలోపు ఎవరు ఏం చేస్తారు అని. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే అది కూటమితో తీరేది కాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్య సహాయం దగ్గరికి చేర్చాలి.

వార్తలకి రోజులో ఒక వేళ పెట్టుకోండి, అదీ పడుకునే ముందు వద్దు. ఎవరికైనా ఏడాదికి మించి ఒకే బాధ్యత వద్దు. ప్రతి పనికీ రెండో మనిషి ఉండాలి, ఆ మనిషి కనీసం ఒక్కసారైనా ఆ పని చేసి ఉండాలి. పేరు రాసినంత మాత్రాన ప్రత్యామ్నాయం ఉన్నట్టు కాదు. అంతా ఒక్కరే చూసుకునే జట్టు, ఆ ఒక్కరికి ఒంట్లో బాగోని వారం కూలిపోతుంది, ఆ వారమే వేడి వస్తుంది.

తలుపు దగ్గర బల్ల మీద వేసవి జట్టు ఫారాలున్నాయి. వెళ్లేటప్పుడు తీసుకోండి. అందులో చివరి గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. కార్యకర్త వయసు ఎంత, ఏం మందులు వాడతారు, వాళ్ల తలుపు ఎవరు తడతారు అని ఉంటుంది. ఆ గడి నింపకపోతే ఫారం వెనక్కి పంపేస్తాం.

ఇక మీ ప్రశ్నలు. మైకు అటు వైపు నుంచి మొదలుపెట్టండి.